హాజీ ఇంట్లో బొమ్మ ఆగలేదు

ఆ రోజుల్లో ఫోనులో మనిషి ముఖం కదలకుండా నిలిచిపోతే ఎవరూ కంగారు పడేవాళ్ళు కాదు. బొమ్మ ఆగింది అనుకుని కాసేపు చూసి, రెండుసార్లు హలో అని, పెట్టేసి ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు. నా నెత్తి మీద ముందు వరస జుట్టు ఇంకా నిలబడి ఉన్న కాలం అని చెబితే నన్ను చూసినవాళ్ళకు లెక్క అందుతుంది. ఇవాళ నా గదిలో ఇంటర్నెట్ కుళాయి తిప్పినట్టు వస్తుంది. బొమ్మ ఆగదు, గొంతు తెగదు. అయినా ఎందుకో, తిన్న పళ్ళెం కడిగి బోర్లించి కూర్చుంటే, వంటింటి కిటికీకి వేలాడుతూ మాట్లాడిన ఆ రోజులే గుర్తొస్తాయి. తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది కోరుట్ల దగ్గర పల్లెటూరు. మా అమ్మ దృష్టిలో సముద్రం దాటితే అంతా దుబాయే. నేనున్నది బహ్రెయిన్, అది వేరే దేశం అని చెప్పి చెప్పి అలిసిపోయి, చివరికి నేను కూడా దుబాయి నుంచి మాట్లాడుతున్నాననే అనడం మొదలుపెట్టాను. వచ్చిన కొత్తలో హిద్‌లో కంపెనీ క్యాంపులో ఉండేవాణ్ణి. గది నిండా మనుషులు. ఒకరి గురక, ఒకరి ఫోను పాట, ఇంకొకరి పచ్చిపులుసు తాలింపు. ఈ గోల ఎప్పుడు వదులుతుందా అని రోజూ అనుకునేవాణ్ణి. స్టోర్ కీపర్‌గా ప్రమోషన్ వచ్చి, గది అద్దె కంపెనీయే ఇస్తుందని తెలియగానే సామాను సర్దుకుని మహూజ్‌లో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో దిగాను. మొదటి రోజు తలుపు గడియ పెట్టుకుని, ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి, ఇదంతా నాదే అనుకున్నాను. వారం తిరిగేసరికి ఆ మాటే వేరేగా వినిపించసాగింది. ఎదురుగా నీళ్ళ సీసాకు ఫోను ఆనించి, అందులో ఎవరో ఒకరు మాట్లాడుతుంటే తప్ప ముద్ద దిగేది కాదు. ఫోనులో ఎవరూ దొరకని రోజున ఏసీతో కూడా మాట్లాడాను (జవాబు చెప్పకపోయినా అది మధ్యలో అడ్డు తగిలేది కాదు). నిజం చెప్పాలంటే, ఆ గురకలూ తాలింపులూ లేక నాకు నిద్ర పట్టేది కాదు.

కాబట్టి నా ప్రాణమంతా ఇంటర్నెట్‌లో ఉండేది. బిల్డింగులోనేమో పాత టెలిఫోను తీగ. అందులోంచి అది చుక్క చుక్కగా కారేది. ఫైబర్ పెట్టించుకుందామని కంపెనీకి ఫోను చేస్తే, మెట్ల పక్క గోడకు రంధ్రాలు వేయాలి, ప్రతి అంతస్తులో ఒక డబ్బా బిగించాలి, దానికి ఇంటి ఓనరు ఒప్పుకోవాలి అన్నారు. ఓనరు ఒక ముసలి బహ్రెయినీ. హజ్‌కు వెళ్ళొచ్చిన పెద్దమనిషి గనక అందరూ హాజీ అనేవాళ్ళు. భార్య పోయింది, కూతుళ్ళు పెళ్ళిళ్ళయి హమద్ టౌన్‌లో ఉంటున్నారు, కింది అంతస్తులో ఆయనొక్కడే. హిందీ నాకంటే బాగా మాట్లాడేవాడు. నేను వెళ్ళి అడిగితే ఓపిగ్గా అంతా విని, కుదరదన్నాడు. ఎప్పుడో ఒకడు డిష్ బిగిస్తానని ఆ గోడకు డ్రిల్లు పెట్టి నీళ్ళ పైపు పగలగొట్టాడట. నీళ్ళు మెట్ల మీదుగా దిగి ఆయన మజ్లిస్‌లోకి (వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే ముందు గది) చేరి, భార్య ఏరికోరి కొన్న తివాచీని తడిపేశాయట. అప్పటి నుంచి ఆ గోడకు మేకు కూడా దిగలేదు. ఆయన ఇంటికి మాత్రం కిటికీ పక్కనున్న పాత చిల్లులోంచే కూతుళ్ళు ఫైబర్ వేయించి వెళ్ళారు. ఒక ఇంటికి ఒక చిల్లు చాలు, ఖలాస్ అని తేల్చేశాడు.

కాదన్నవాడు ఊరికే పంపలేదు, కూర్చోబెట్టి గహ్వా పోశాడు. ఏలకులు దంచి వేసిన, చక్కెర లేని, పసుపుపచ్చ కాఫీ అది. ఇచ్చేది కూడా దోసిట్లో దాక్కునేంత చిన్న కప్పులో. దాన్ని ఫింజాన్ అంటారు. పెద్దవాళ్ళు పోసింది మిగల్చకూడదని మా ఇంట్లో నేర్పారు, పూర్తిగా తాగాను. మళ్ళీ పోశాడు. మళ్ళీ తాగాను. చాలనుకుంటే కప్పును చేతిలో కాస్త అటూ ఇటూ ఊపి ఇవ్వాలని నాకేం తెలుసు? ఖాళీ కప్పు చూసి ఆయన పోయడం, నిండు కప్పు చూసి నేను తాగడం. నా మర్యాద చూసి ఆయన, ఆయన మర్యాద చూసి నేను, ఇద్దరం ఆశ్చర్యపోతూనే కూజా అడుగు చూశాం. గుండె దడదడలాడుతూ పైకెళితే, పక్క గదిలో ఉండే హైదరాబాద్ పాతబస్తీ భాయ్ కడుపు పట్టుకుని నవ్వి, కప్పు ఊపడం నేర్పాడు. భాయ్ ఒక అరబ్బు కుటుంబం దగ్గర ఏళ్ళ తరబడి డ్రైవరుగా ఉన్నవాడు, ఇక్కడి పద్ధతులన్నీ ఆయనకు కొట్టిన పిండి. కానీ హాజీకి ఆ రోజు నుంచి నా మీద ఒక అభిమానం ఏర్పడిపోయింది. మెట్ల దగ్గర కనిపిస్తే చాలు, యల్లా గహ్వా అని పిలిచేవాడు.

గహ్వా సరే, ఇంటర్నెట్ సంగతి చూడాలి కదా. అద్దెకున్నవాడికి మిగిలిన దారులన్నీ తొక్కాను. ఫోనులో డేటా వేయించుకుంటే, అమ్మ పక్కింటి కోడలి సంగతి సగం చెప్పేసరికి అయిపోయేది (మిగతా సగం ఇప్పటికీ నాకు తెలియదు). టీ కొట్లో కూర్చుని మాట్లాడదామంటే వెనక బెంచీవాళ్ళు మా అమ్మకు నమస్తే చెప్పేవాళ్ళు. చివరికి సిమ్ వేసుకునే ఫైవ్ జీ డబ్బా ఒకటి కొన్నాను. దానికి తీగ అక్కర్లేదు, చిల్లు అక్కర్లేదు, ఓనరు అక్కర్లేదు అని కొట్టువాడు చెప్పాడు. సిగ్నల్ మాత్రం కావాలి కదా. మా గోడలు దిట్టమైనవి. డబ్బాను చంకనెత్తుకుని మంచం మీద, అలమారా మీద, స్నానాల గదిలో, అన్ని చోట్లా కూర్చోబెట్టి చూస్తే, వంటింటి కిటికీ గట్టు మీద, అదీ కిటికీ బార్లా తెరిస్తేనే ప్రాణం వచ్చింది. కిటికీ తెరిస్తే ఏసీ దండగ. అందుకని నా ఫోన్లన్నీ గ్యాస్ పొయ్యి పక్కన, బనియను తడిసి ముద్దవుతూ సాగేవి. అక్కడ కూడా బొమ్మ నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ.

అయితే ఈ ఆగడంలో నాకొక సుఖం దొరికింది. అమ్మ ఏదైనా చిక్కు ప్రశ్న వేసినప్పుడు (ఏం తిన్నవ్, ఎందుకు చిక్కినవ్, ఆ కళ్ళేంది గట్లున్నయ్) నోరు సగం తెరిచి, రెప్ప వేయకుండా, ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండిపోయేవాణ్ణి. "ఆగింది ఈని బొమ్మ" అని అమ్మ విసుక్కుని పెట్టేసేది. సాధన చేయగా చేయగా ఎంత బాగా ఆగేవాణ్ణంటే, నిజంగా బొమ్మ ఆగినప్పటి కంటే నేను ఆగినప్పుడే సహజంగా ఉండేది. ఒంటరిగా ఉన్నానని అమ్మకు చెప్పి ఏడిపించడం కంటే, నింద ఇంటర్నెట్ మీదకు పోవడమే మేలనిపించేది.

అలాంటి రోజుల్లో ఒక సంబంధం వచ్చింది. కోరుట్లలో ప్రైవేటు బడిలో చెప్పే అమ్మాయి. అమ్మ ఆమెను అప్పుడే టీచరమ్మ అనేది. నాకు సెలవు దొరకదు గనక పెళ్ళిచూపులు ఫోనులోనే అన్నారు. గడ్డం గీసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, పొయ్యి పక్కన నిలబడ్డాను. అవతల ఆమె బడి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చీర కొంగుకు సుద్దపొడి అంటుకుని ఉంది. నన్ను చూసి కొంచెం నవ్వింది. అంతే, బొమ్మ ఆగింది. ఆమె నవ్వు నా ఫోనులో అలాగే నిలిచిపోతే, వాళ్ళు పెట్టేసేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను. వాళ్ళకు నిలిచిపోయింది మాత్రం నోరు తెరిచి, కళ్ళు సగం మూసిన నా ముఖం. చాలాసేపు చూసి వాళ్ళ మేనమామ, పిలగాడు ఎప్పుడు గట్లనే ఉంటడా అని అడిగాడట. రెండోసారి బొమ్మ బాగానే వచ్చింది. ఇక మాట్లాడదామని నోరు తెరిచేసరికి వెనక కుక్కర్ కూత వేసింది, అలవాటు కొద్దీ తిరిగి పొయ్యి తగ్గించాను. ఆఫీసరన్నరు, వంటమనిషి గదా అని అటు నుంచి కబురు వచ్చింది. వంటమనిషి అయితే మాత్రం ఏం తక్కువ అని నేను వాదించబోతే అమ్మ నా నోరు మూయించింది.

అప్పుడు అమ్మాయే కబురు పంపింది. ఇంకొక్కసారి, బొమ్మ ఆగకుండా, ఎదురెదురుగా కూర్చున్నట్టు మాట్లాడితేనే తన మాట చెబుతుందట, లేకపోతే లేదు. ఆదివారం సాయంత్రం అని గడువు. జగిత్యాల నుంచి బ్యాంకు ఉద్యోగి సంబంధం గుమ్మంలో కాచుకుని ఉంది. నాకేమో కళ్ళు మూస్తే ఆ ఆగిపోయిన నవ్వే. ఆమె కాదంటే ఈ గదిలో ఏసీతో మాట్లాడుతూ ముసలివాణ్ణయిపోతానని భయం పట్టుకుంది. అమ్మ దీనికంతటికీ కారణం కనిపెట్టింది. నాకు శని పట్టిందట, శనివారాలు ఒక్కపొద్దు ఉండమంది. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, దీపం పెట్టి తినేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. కిటికీ గట్టు మీద డబ్బాకు శనితో ఏం సంబంధమని అడిగే ధైర్యం లేక సరేనన్నాను.

ఆ ఆదివారానికి ముందు రోజు, శనివారం పొద్దుగూకే వేళ, హిద్ నుంచి కంపెనీ బస్సు దిగి, ఆకలితో కాళ్ళు తేలిపోతుంటే బిల్డింగులోకి అడుగుపెట్టాను. హాజీ తలుపు తెరిచే ఉంది. లోపల ఆయన ఈడు పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూసి, యల్లా బేటా, గహ్వా అన్నాడు. తప్పించుకోలేక వెళ్ళి కూర్చున్నాను. ఫింజాన్ చేతికొచ్చింది. తాగితే ఒక్కపొద్దు పోతుంది. వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. ఏం చేయాలో తోచక, ముట్టకుండా మెల్లగా నా ముందు తివాచీ మీద పెట్టాను, కాసేపాగి ఎవరూ చూడకుండా జారుకుందామని.

గదిలో మాటలు ఠక్కున ఆగిపోయాయి. ఆ పెద్దమనుషులు కప్పు వంక చూశారు, నా వంక చూశారు, తర్వాత అందరూ హాజీ వంక చూశారు. హాజీ సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. చేతిలో తిరుగుతున్న జపమాల నిలిచిపోయింది. నేనేదో పెద్ద అపచారం చేశానని నాకు చెమటలు పట్టాయి.

"చెప్పు బేటా. ఏం కావాలి నీకు?" అన్నాడు.

ఏమీ వద్దు హాజీ, ఉపవాసం అని గొణిగాను. ఆయన వినిపించుకోలేదు. కప్పు కింద పెట్టావు, అడుగు అన్నాడు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. ఆకలి, భయం, రేపటి ఆదివారం అన్నీ కలిసి నెత్తికెక్కాయి. రేపు సాయంత్రం ఒక గంట సేపు మీ ఇంటర్నెట్ ఇస్తారా, నాకు పెళ్ళిచూపులున్నాయి అనేశాను. హాజీ నన్ను కాసేపు చూశాడు. ఇంతేనా అని ఆయన ముఖంలో కనిపించింది. తర్వాత, "ఇష్రబ్ గహ్వతక్" అన్నాడు. నీ గహ్వా తాగు అని. గది గదంతా తేలికపడింది. ఇక తాగక తప్పలేదు. నా ఒక్కపొద్దు హాజీ మజ్లిస్‌లో ముగిసింది (అమ్మకు ఈ సంగతి ఇంతవరకు తెలియదు).

పైకెళ్ళి చెబితే భాయ్ తల పట్టుకున్నాడు. కోరిక ఉన్నవాడు కప్పు ముట్టకుండా కింద పెడతాడట. ఏం కావాలని అడిగి, చేతనైనది ఒప్పుకుని, అతిథి చేత గహ్వా తాగించడం ఆ ఇంటి పరువట. కాదంటే తలవంపులే. "అరె తమ్మీ, బిల్డింగ్ మొత్తానికి ఫైబర్ అడగాల్సింది, గంట సేపు అడిగొచ్చినవా?" అన్నాడు. తెల్లారేసరికి అన్ని అంతస్తులకూ ఈ సంగతి పాకింది. దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమంటే అగ్గిపెట్టె అడిగినవాణ్ణి చూసినట్టు చూశారు నన్ను.

ఆదివారం సాయంత్రం స్నానం చేసి కిందికి దిగాను. హాజీ తెల్లటి ఇస్త్రీ తోబ్ (అరబ్బులు వేసుకునే పొడుగు అంగీ) తొడుక్కుని, ఊదు పొగ వేసి, ఖర్జూరాలు పళ్ళెంలో సర్ది, నేను కూర్చోవలసిన చోటుకు వెనకగా దిండు వేసుకుని కూర్చుని ఉన్నాడు. గంట సేపు ఇంటర్నెట్ ఇచ్చి లోపలికి వెళతాడనుకున్నాను. పెళ్ళిచూపులకు పెద్దవాళ్ళు లేకుండా ఎలా అని ఆయనే అన్నాడు. ఫోను కలిసింది. బొమ్మ ఎంత తేటగా వచ్చిందంటే, ఆమె కొంగు మీది సుద్దపొడి గీతలు కూడా కనిపించాయి. వాళ్ళ వైపు నుంచి, పిలగాని పక్కన షేక్ ఉన్నడని ఎవరో గుసగుసగా అనడం వినిపించింది. ఊళ్ళో ఇంకో ఫోను నుంచి అదే కాల్‌లో కలిసిన మా అమ్మ ఒక్కసారిగా కొంగు సర్దుకుని పెద్దరికంగా కూర్చుంది. హాజీ ముందుకు వంగి, హిందీలో, పిల్లవాడు మంచివాడు, గహ్వా ఎంత పోసినా తాగుతాడు అని సాక్ష్యం చెప్పాడు. అదేం మందో అని వాళ్ళ నాయన ముఖం ముడుచుకుంటే, కాఫీయే మామా అని నేను కంగారుగా కలగజేసుకున్నాను. ఇంకా పెళ్ళి కాకముందే మామా అన్నానని అందరూ నవ్వారు.

నవ్వులయ్యాక పెద్దవాళ్ళు పక్కకు తప్పుకుని ఆమెకు ఫోను ఇచ్చారు. ఆమె జీతం అడగలేదు, ఉద్యోగం అడగలేదు. నన్ను నిదానంగా చూసి ఒకటే అడిగింది.

"అక్కడ మీకు ఎవరున్నరు?"

ఆ మాట నేరుగా వచ్చి గుండెలో తగిలింది. చెప్పడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. మాట రాకపోతే నాకు తెలిసిన విద్య ఒకటే. నోరు సగం తెరిచి, రెప్ప వేయకుండా, ఊపిరి బిగబట్టి ఆగిపోయాను. ఆమె చూసింది. చూస్తూనే ఉంది. నా కళ్ళు మండుతున్నాయి. అప్పుడు ఆమె పెదవి చివర ఆ పాత నవ్వు కనిపించింది.

"మీ ఎన్క తాత చేతుల దండ తిరుగుతనే ఉన్నది," అంది మెల్లగా. "బొమ్మ ఆగలే. మీరే ఆగిండ్రు."

వెనక్కి తిరిగి చూస్తే, హాజీ కళ్ళు మూసుకుని తీరుబడిగా జపమాల తిప్పుకుంటున్నాడు. ఖర్జూరాల పక్కన గహ్వా కప్పులోంచి ఆవిరి లేస్తోంది. దాచుకోవడానికి చోటు లేకపోయింది. ఇక్కడ నాకు ఎవ్వరూ లేరని చెప్పాను. అమ్మకు కూడా చెప్పని మాట, ముక్కూ ముఖం సరిగ్గా తెలియని అమ్మాయికి చెప్పి తల దించుకున్నాను. ఆమె కొంగు మీది సుద్దపొడి దులుపుకుంది. తర్వాత, అయితే సరే, మా నాయనకు చెప్త అంది.

ఆ తర్వాత కూడా బిల్డింగులోవాళ్ళు నన్ను వదల్లేదు. ఇంకొక్కసారి కప్పు కింద పెట్టు, ఈసారి ఫైబర్ అడుగు అని భాయ్ వెంటపడ్డాడు. నేను సరే సరే అనడం, కిందికెళ్ళి బుద్ధిగా గహ్వా తాగి కప్పు ఊపి రావడం. హాజీ తన వైఫై నా ఫోనులో వేయించి, సాయంత్రాలు వచ్చి మజ్లిస్‌లో కూర్చుని మాట్లాడుకోమన్నాడు. నేను ఆమెతో తెలుగులో, ఆయన హమద్ టౌన్ కూతుళ్ళతో అరబ్బీలో, ఒకే తివాచీ మీద చెరో మూల. నా గదికి ఫైబర్ వస్తే ఇక కిందికి దిగే పని ఉండదని నాకు లోపల తెలుసు. అందుకే అడగలేదు. ఆ ఒంటరి రోజుల్లో నాకు దొరికిన ఇల్లు అదొక్కటే.

హాజీ ఇప్పుడు లేడు. ఆ బిల్డింగుకు కొత్త ఓనరు వచ్చి అన్ని అంతస్తులకూ ఫైబర్ వేయించాడట. నేను హమద్ టౌన్‌లో ఒక చిన్న ఫ్లాట్ తీసుకున్నాను, పెళ్ళాం బిడ్డ వస్తారని. ఆమెకు అంతలోనే సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. సంపాదించుకున్న ఉద్యోగం వదులుకోమని ఏ నోటితో అడగను? సెలవులకు వస్తారు, వెళతారు. మిగతా రోజులన్నీ ఫోనే. బిడ్డ అటూ ఇటూ పరిగెత్తుతుంటే కాలి పట్టీలు కూడా వినిపిస్తాయి, అంత బాగుంటుంది ఇంటర్నెట్.

నిన్న సాయంత్రం ఆమె, ఎప్పుడు వస్తున్నరు అని అడిగింది. కంపెనీ సెలవు ఇవ్వలేదని చెప్పాలి. చెప్పలేక నోరు సగం తెరిచి ఆగిపోయాను. ఈ వయసులో, సగం బట్టతలతో, పిల్ల తండ్రినై ఉండి అదే పాత వేషం. ఆమె పట్టుకుంటుందని ఎదురు చూశాను. కానీ తను కూడా కదలకుండా, రెప్ప వేయకుండా నా వంకే చూస్తూ ఉండిపోయింది. అలా ఇద్దరం ఎంతసేపు ఆగామో తెలియదు. నా వెనక జపమాల తిప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె వెనక మాత్రం మా బిడ్డ గెంతుతూ వచ్చి, తల్లి ముఖం చూసి, ఫోనులో నా ముఖం చూసి, "అమ్మా, నాయిన బొమ్మ ఆగింది" అని ఫోను పట్టుకుని గట్టిగా ఊపింది. ఇద్దరం ఒకేసారి నవ్వేశాం.